ముత్తాతగారి పతకము

గతమాసమున మాకు వచ్చిన యుత్తరములలో నొకటి మా మనస్సును పట్టి విడువకున్నది. ఒక సోదరి వ్రాసిన దిది. ఆమె తాతగారు పోలీసు కొలువు చేసిరట. ధైర్యసాహసములకై దొరతనమువారు ఆయనకు పతక మొకటి యిచ్చిరని యింట చెప్పుకొందురు. పతకము పెట్టెలో నున్నది గాని దాని కథ యెవ్వరికిని తెలియదు. పినతండ్రి పులిని చంపిరనును. మేనత్త దొంగలను పట్టిరనును. "మా పిల్లలు అడిగినప్పుడు ఏమి చెప్పుదుము? నిజమును కనుగొను మార్గ మేదైన నున్నదా?" అని యామె ప్రశ్న.

మార్గ మున్నది. మా యింటను అట్టి పతకమే యుండుటచేతను, దాని వెనుక మేమును మా వారును రెండేండ్లు నడచి యుండుటచేతను, ఈ నెల యీ పుటలను ఆ సంగతికే వినియోగించుచున్నారము. ఐతే సోదరీ, ముందుగా నొక మాట. వెదకబోవువారు తమకు ఇష్టమైనదే దొరకునని తలపకూడదు. మేము శౌర్యమును వెదకబోయితిమి. దొరకినది శౌర్యమే యైనను, అది మా యింటివారి దొక్కరిదే కాదని తేలినది.

మా వారి ముత్తాతగారు గోదావరి జిల్లాలో హెడ్ కానిస్టేబులుగా నుండిరి. ఆయన పతకము దేవుని గదిలో, కుంకుమ భరిణ ప్రక్కన, పట్టుగుడ్డలో చుట్టి యుండెడిది. దసరాకు ఆయుధపూజ నాడు మాత్రము వెలికి తీసి, చింతపండుతో తోమి, బొట్టు పెట్టి, మరల చుట్టి పెట్టెడివారము. మేము కాపురమునకు వచ్చిన నాటినుండియు ఆ తోముట మా వంతు. మేము చేసిన మొదటి తప్పు అదియే. పాత పతకమును చింతపండుతో గాని, బూడిదతో గాని, నిమ్మచెక్కతో గాని ఎన్నడును తోమకుడు. దాని యంచుపై చెక్కిన అక్షరములే మన మొదటి సాక్ష్యము. తోమిన కొలది ఆ యక్షరములు అరిగిపోవును. మెత్తని పొడిగుడ్డతో తుడిచిన చాలును.

పతకమును వెలుతురున పట్టి చూడుడు. మా యింటిది వెండిది. ఒక ప్రక్క అయిదవ జార్జి రాజు తల యున్నది. రెండవ ప్రక్క కవచము తొడిగి కత్తియు డాలును పూనిన కావలివాడు, వాని వెనుక కోటగోడలు గల పట్టణము. డాలుపై 'నా ప్రజలను కాపాడుటకు' అను అర్థము గల ఇంగ్లీషు మాటలు. దీనిని కింగ్స్ పోలీసు మెడల్ అనిరి. ఏడవ ఎడ్వర్డు రాజు 1909 జూలై 7వ తేదీని దీనిని నెలకొల్పెను. ఇది పోలీసులకును, నిప్పు నార్పు దళములవారికిని ఉద్దేశింపబడినది. మొదటి నిబంధనల ప్రకారము సామ్రాజ్య మంతటికిని ఏటికి 120 పతకములకు మించి యీయరాదు. అందు మన దేశపు వంతు 50 మాత్రమే. కావున ఈ పతకము ఇంట నున్న వారు దానిని అల్పముగా నెంచవలసిన పని లేదు.

రాజు తలను బట్టి కాలమును కొంత నిర్ణయింపవచ్చును. ఏడవ ఎడ్వర్డు తల యున్నచో 1910కి ముందరి పరిపాలన. అయిదవ జార్జి తల యున్నచో 1910 మొదలు 1936 వరకు. ఆరవ జార్జి తల యున్నచో ఆ తరువాత. 1933లో ఒక మార్పు జరిగినది. అంతకు పూర్వము ధైర్యమునకు ఇచ్చినను, చిరకాల విశిష్టసేవకు ఇచ్చినను పతకము ఒక్క తీరుననే యుండెడిది. 1933 తరువాత దేనికి ఇచ్చినది పతకము మీదనే వ్రాసిరి. ధైర్యమునకైన దానిపట్టీలో ఎఱ్ఱని సన్నగీతలు చేర్చిరి. ఇదిగాక 1932లో ఇండియన్ పోలీసు మెడల్ అను కంచుపతకము వేరుగా ఏర్పడినది. స్వాతంత్ర్యానంతరము 1951 మార్చి 1వ తేదీని రాష్ట్రపతి పేర పతకములు వచ్చినవి. కావున మీ తాతగారి పతకముపై రాజు తల లేక మన సింహముల ముద్ర యున్నచో, మీరు వెదకవలసిన కాలము 1951 తరువాతిదని గ్రహింపుడు.

మా పతకముపై ధైర్యమను మాటయు లేదు, సేవయను మాటయు లేదు. అనగా అది 1910కిని 1933కిని నడుమ వచ్చినది. ఈ సంగతి తెలిసిన రాత్రి మా వారికి నిద్ర పట్టలేదు. ఏలయన ఆ నడుమనే మన్యపు పితూరీ జరిగినది.

1922 ఆగస్టు 22వ తేదీని చింతపల్లి ఠాణాను, మరునాడు కృష్ణదేవిపేటను, ఆ మరునాడు రాజవొమ్మంగిని అల్లూరి సీతారామరాజుగారు తమ వారితో ముట్టడించి తుపాకులు గొనిపోయిరి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాటు కవర్డు, హైటరు అను ఇద్దరు దొరలు హతులైరి. ఆ దారిని ముందు నడచిన మన దేశపు పోలీసులను రాజుగారు పోనిచ్చిరని చెప్పుదురు. 1924 మే 7వ తేదీని రాజుగారిని కాల్చి చంపిరి. ఆ రెండేండ్లలో మన్యమునకు పోయిన కాకీబట్టలవారిలో తెలుగు తల్లుల బిడ్డలును ఉండిరి. మా వారు బడిలో ఏటేట పిల్లలకు ఆ పాఠము చెప్పుదురు. మా యింటి సావడిలో రాజుగారి పటము వ్రేలాడుచున్నది. పటము సావడిలోను, ఆయనను వేటాడినందుకు వచ్చిన పతకము దేవుని గదిలోను ఉండుట నిజమైనచో, దసరానాడు మేము దేనికి బొట్టు పెట్టుచున్నాము?

"వెదకుట మానుదుమా?" అని మా వారు అడిగిరి. మేము మానవలదంటిమి. కానిదాని నెత్తిన పెట్టుకొని పూజించుటకంటె, ఉన్నదానిని ఉన్నట్లు ఎఱిగి యుండుట మేలు. చెడ్డది తేలినచో పిల్లలకు అదియే చెప్పుదము. పతకమును దేవుని గదినుండి తీసి పెట్టెలో పెట్టుదము అని ముందే నిశ్చయించుకొంటిమి. సోదరీ, మీరును పని మొదలిడుటకు ముందే ఈ నిశ్చయము చేసికొనుడు. తరువాత చేసికొనుట కష్టము.

అప్పుడు ఇంటిలోని కాగితములను వెదకితిమి. పోలీసువారి చరిత్ర కచ్చేరీలలో నుండునని మగవారందురు. సగము మాత్రమే అక్కడ నుండును. తక్కిన సగము అటకమీద నుండును. పింఛను కాగితములు, బదిలీ యుత్తరములు, పిల్లల జాతకములు, పెండ్లి శుభలేఖలు, తద్దినపు తిథులు వ్రాసికొన్న పుస్తకము, ఇవి యన్నియు సాక్ష్యములే. బిడ్డ పుట్టిన చోటు జాతకములో నుండును. ఆనాడు తండ్రి ఏ ఠాణాలో నుండెనో దానివలన తెలియును. తిథి తెలిసిన యెడల పంచాంగముతో సరిచూచి తేదీని తెలిసికొనవచ్చును.

మా అటకమీద ముత్తవ్వగారి చిట్టాలు దొరకినవి. ముత్తవ్వగారనగా ఆ హెడ్ కానిస్టేబులుగారి భార్య. ఆమె బడికి పోలేదు. తండ్రిగారు ఇంటనే భారత భాగవతములు చదివించిరట. కాపురమునకు వచ్చిన నాటినుండి కన్నుమూయు వరకు ప్రతిదినము ఉప్పునుండి ఊదువత్తి వరకు జమాఖర్చు వ్రాసెను. తెలుగు సంవత్సరము, మాసము, తిథి తప్పక వేసెను. పదునాలుగు చిట్టాలున్నవి. పైనున్న వానిని మాత్రమే ఇంటివారు ఎఱుగుదురు. అడుగునున్న నాలుగింటిని చెదలు కొంత తిన్నది.

ఇచట నొక సూక్ష్మము గమనింపుడు. తెలుగు సంవత్సరము ఉగాదితో మొదలగును. ఇంగ్లీషు సంవత్సరము జనవరితో. కావున కాళయుక్తి యన్నచో 1918 ఏప్రిలు మొదలు 1919 మార్చి వరకు. సిద్ధార్థి యన్నచో అచటినుండి 1920 మార్చి వరకు. దుందుభి 1922లో మొదలైనది. ఈ పేర్లు అరువదేండ్లకు ఒకసారి తిరిగి వచ్చును గనుక, తాతగారి వయస్సుతో సరిచూచుకొననిచో ఒక తరము తప్పిపోవును.

మేము గుండె చిక్కబట్టుకొని ముందుగా దుందుభిని వెదకితిమి. ఆ శ్రావణ భాద్రపదములలో ముత్తాతగారు మన్యమునకు పోయిన జాడ లేదు. ఆ దినములలో ఆయనకు చలిజ్వరము. క్వయినా మాత్రలకును, బార్లీ గింజలకును పెట్టిన ఖర్చులు వరుసగా నున్నవి. వెనుకకు త్రిప్పగా త్రిప్పగా సిద్ధార్థి పుష్యమాసములో ఒక పంక్తి కనబడినది. వారికి దొరతనము పతకము వచ్చునని ఠాణానుండి కబురు వచ్చినదనియు, కొబ్బరికాయకు ఒక అణా అనియు అందున్నది. ఆ పుష్యమాసము 1920 జనవరిలో నడచినది. అనగా పితూరీకి రెండేండ్ల ముందే పతకము వచ్చినది. మేము ఆ పంక్తిని రెండుమార్లు చదివి, లేచి పోయి, దేవునికి దీపము పెట్టి వచ్చితిమి.

కాలము తెలిసిన తరువాత గెజెట్టును చూడవలెను. ఈ పతకములు పొందినవారి పట్టికలు సాధారణముగా ఏటేట జనవరి మొదట ప్రకటింపబడెడివి. లండన్ గెజెట్టు సంచికలన్నియు ఇప్పుడు అంతర్జాలమున ఇంటనుండియే ఉచితముగా చూడవచ్చును. ఐతే పేర్ల వ్రాతతో జాగ్రత్త. మన పేర్లను ఇంగ్లీషులో దొరలు తమ చెవికి తోచినట్లు వ్రాసిరి. ఒకే పేరు నాలుగు తీరుల నుండును. ఇంటిపేరు ఒక్కొక్కచోట ఒంటి అక్షరముగా మిగిలి యుండును. పతకపు అంచుపై ఎట్లున్నదో అట్లే మొదట వెదకి, పిమ్మట మార్చి మార్చి వెదకుడు. గెజెట్టులో కథ యుండదు. పేరు, హోదా, ఏ రాజధానికి చెందినవాడో అంతమాత్రమే. మా ముత్తాతగారి పేరు ఆ యేటి పట్టికలో దొరకినది. ఒక్క పంక్తి.

కథ కావలెనన్న ఆ పతకమునకై పై కచ్చేరీకి సాగిన సిఫారసు కాగితములను చూడవలెను. ఇవి హోముశాఖలో పోలీసు విభాగపు దస్త్రములలో నుండును. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారమువారు తమ దస్త్రముల పట్టికలను, కొన్ని దస్త్రముల ప్రతులను గూడ 'అభిలేఖ్ పటల్' అను పేర అంతర్జాలమున నుంచిరి. కోస్తా జిల్లాలును రాయలసీమయు 1953 అక్టోబరు 1వ తేదీ వరకు మదరాసు పరిపాలనలో నుండుటచే, ఆ ప్రాంతముల పాత ఉత్తరువులకు చెన్నపట్టణములోని ఎగ్మూరు అభిలేఖాగారమునకు పోవలెను. తెలంగాణపు సోదరీమణులకు దారి వేరు. నిజాము ప్రభుత్వపు పోలీసుశాఖ వేరుగా నుండెను. ఆ దస్త్రములకై హైదరాబాదులోని తార్నాక అభిలేఖాగారమున విచారింపవలెను. అందు ఉర్దూ, పారసీ భాషల కాగితములు మెండు గనుక చదువగలవారిని తోడు తీసికొనిపోవుడు. ఇండియా ఆఫీసు దస్త్రములు లండనులోని బ్రిటిషు గ్రంథాలయములో నున్నవి. అచట చదువుకొనుచున్న బిడ్డలు గలవారు వారిచేత వెదకించుకొనవచ్చును.

వేసవి సెలవులలో మా వారును మేమును ఎగ్మూరు వెళ్లితిమి. అర్జీ వ్రాసి, గుర్తింపుపత్రము చూపి, కావలసిన సంఖ్యలను చీటీపై వ్రాసి యిచ్చి కూర్చుండవలెను. మూడవనాటి మధ్యాహ్నము మాకు కావలసిన కట్ట వచ్చినది. కాగితము అప్పడమువలె పెళుసుబారి యున్నది. ఊపిరి గట్టిగా విడుచుటకైనను భయపడుచు చదివితిమి.

కాళయుక్తి మార్గశిరమున, అనగా 1918 డిసెంబరులో, ముత్తాతగారు గస్తీ తిరుగుచు ఒక పల్లె చావడిలో పండుకొనిరి. ఆ యేడు ఇన్ఫ్లుయెంజా జ్వరము ఊళ్లను ఊడ్చినది. యుద్ధమువలన ధరలు మండిపోవుచుండెను. బందిపోట్లు ఊరి చివరి యింటిపై పడిరి. ఆయన గొడ్డలిదెబ్బ భుజమున తగిలినను నాయకుని విడువక, ఊరివారు దివిటీలతో వచ్చువరకు పట్టి యుంచెను. ఇది ప్రభుత్వపు ఉత్తరువులోని సారాంశము. మా కడుపు నిండినది. లేవబోవుచుండగా మా వారు, "క్రింద ఇంకొక కాగితమున్నది" అనిరి.

అది ముత్తాతగారు స్వయముగా ఇచ్చిన వాఙ్మూలము. ఇంగ్లీషులోనికి మార్చి దస్త్రములో చేర్చినది. అందు ఆయన చెప్పినది వేరు. చావడిలో తనను లేపినది ఆ యూరి తలారి. ముందు నడచినది తలారి. చీకటిలో దొంగల నాయకుని నడుము పట్టినది మొదట తలారియే. వానిపై పడబోయిన రెండవ దెబ్బకు తాను అడ్డుపోగా అది తన భుజమునకు తగిలినది. మొదటి దెబ్బ తలారి తలమీద పడినది. తెల్లవారులోపల అతడు ప్రాణము విడిచెను. "అతడు పట్టినవానినే నేను విడువకుంటిని" అను అర్థము వచ్చు మాటతో ఆ వాఙ్మూలము ముగిసినది.

వాఙ్మూలము దస్త్రము అడుగున నిలిచిపోయినది. మీదికి పోయిన కొలది కాగితము పొట్టిదైనది. తలారి పేరు మొదట ఒక పంక్తి యై, తరువాత 'ఒక గ్రామసేవకుడు' ఐ, తుది యుత్తరువులో లేకయే పోయినది. ఆ పతకము పోలీసు దళములవారికి ఏర్పడినది. తలారి ఊరికి కొలువు చేయువాడు గాని దళములో చేరినవాడు కాడు.

మేము ఇంటికి వచ్చి మరల చిట్టాలు తీసితిమి. ఇచట మా యింటి గుట్టు నొకటి చెప్పక తప్పదు. మా మామగారి మేనత్తగారికి ఇప్పుడు తొంబది యేండ్లు. ముత్తాతగారి కడగొట్టు కూతురు. ఆమెకు తండ్రి యన్న భయమే గాని ప్రేమ లేదు. కారణము పెద్దలయిన తరువాత తోడికోడండ్ర మాటలలో బయలుపడినది. ముత్తవ్వగారి చిట్టాలలో నెలనెలా 'పల్లెకు రెండు రూపాయలు' అను పద్దు ఉన్నది. ఆ పల్లె మా వారి స్వగ్రామము కాదు, చుట్టములూరును కాదు. అచట నెవ్వరున్నారు? పోలీసువాడు, ఊరూర తిరుగువాడు. ఇల్లాలు నోరు మెదపక తన చేతితోనే ఆ రూపాయలు లెక్కవ్రాసి పంపుచుండెను. ఇంతకంటె చెప్పవలసిన దేమున్నది? అని లోకము తేల్చినది. ఆ మాటయే మేనత్తగారి చెవినిబడి, అరువదియేండ్లు ఆమె మనస్సులో ముల్లయి యున్నది. తండ్రి తద్దినమునకు ఆమె ఎన్నడును పుట్టింటికి రాలేదు.

అడుగున చెదలు తిన్న చిట్టాలలో, కాళయుక్తి పుష్యమాసములో, ఆ పద్దు మొదటిసారి వచ్చినది. అచట మాత్రము ముత్తవ్వగారు పూర్తిగా వ్రాసెను. ఫలానా పల్లెలో చనిపోయిన తలారి భార్యకు, చంటిబిడ్డ పాలకు, రెండు రూపాయలు. తరువాతి నెలనుండి 'పల్లెకు' అని పొట్టిదైనది. రోజూ వ్రాయు చేతికి తనకు తెలిసిన సంగతిని మరల మరల వివరింపవలెనని తోచదు గదా! ఆ పద్దు పందొమ్మిదేండ్లు సాగినది. జీతము ఆలస్యమైన నెలలలోను, ఇంట పురుడు వచ్చిన నెలలలోను, ముత్తవ్వగారు తన వెండికడియములు కుదువబెట్టిన నెలలోను అది తప్పలేదు. ఈశ్వర నామ సంవత్సరమున, 1937లో, దసరా వెళ్లిన తరువాత ఆ పద్దు జమవైపున కనబడినది. 'పల్లెనుండి రెండు రూపాయలు తిరిగివచ్చినవి. పిల్లవాడు పనిలో చేరెనట. ఇక వద్దనిరి.' అంతటితో సరి.

మేము ఆ చిట్టాను గుడ్డలో చుట్టుకొని మేనత్తగారి యూరికి పోయితిమి. ఆమెకు చూపు లేదు. మేము చదివి వినిపించితిమి. మొదటి పద్దును చదివినప్పుడు ఆమె పలుకలేదు. తుది పద్దును చదివినప్పుడు, "అమ్మాయీ, మళ్లీ చదువు" అనిరి. మరల చదివితిమి. కొంతసేపటికి, "మా అమ్మ ఎందుకు చెప్పలేదే?" అని అడిగిరి. మాకు సమాధానము తోచలేదు. పిమ్మట తామే, "మేమెవ్వరం అడిగామని చెప్తుంది?" అనిరి. ఆ కార్తికమాసములో, తొంబదియేండ్ల వయస్సున, ఇద్దరు పట్టుకొని నడిపింపగా, ఆమె తండ్రి తద్దినమునకు మా యింటికి వచ్చిరి.

విరాటపర్వమున ఉత్తరుని కథ మనకందరకును తెలిసినదే. గోవులను మరల్చినది బృహన్నల; నగరమున బాజాలు మ్రోగినది ఉత్తరునకు. విరాటుడు కుమారుని పొగడుచు, కాదన్న కంకుభట్టును పాచికతో కొట్టెను. ఆ రక్తము నేల రాలకుండ సైరంధ్రి పాత్ర పట్టెను. ఉత్తరుడు సభకు వచ్చి, "గెలిచినవాడను నేను గాను" అని చెప్పుటచేతనే అతనిని మనము మన్నించుచున్నాము. మా ముత్తాతగారును ఆ మాట చెప్పిరి. వినిన సభ లేదు. ఆ మాట నేల రాలకుండ పట్టినది చదువురాదని లోకమనుకొన్న ఒక ఇల్లాలి చిట్టా.

మిగిలినది ఋణము. మా వారు ఆ పల్లెకు వ్రాసి విచారించిరి. తలారి వంశమువారు ఉన్నారు. మునిమనుమడు మా యింటికి వచ్చెను. వారింట తెలిసినది 'దొంగల చేతిలో పోయినాడు' అను నాలుగు మాటలే. కాగితము లేదు, పతకము లేదు, పటము లేదు. మేము ఎగ్మూరునుండి తెచ్చిన వాఙ్మూలపు నకలును అతని చేత పెట్టి, మా వారు తెలుగున చదివి చెప్పిరి. అతడు నిలువుననే నిలిచి విని, నకలును మడవక, అట్లే రెండు చేతులతో పట్టుకొని పోయెను. పతకమును మీరే యుంచుకొనుడని మేమంటిమి. "దానిమీద మీ తాతగారి పేరున్నది గదండీ, మాకు ఈ కాగితము చాలు" అనెను. ఆయన తాత పేరును ఇచట వ్రాయుట లేదు. అది వారి యింటి సొత్తు. మా యింట మాత్రము పతకము నుంచిన పెట్టెమూతపై రెండు పేర్లు వ్రాయించితిమి. తలారి పేరు ముందు.

సోదరీ, మీకు చెప్పవలసినది ఇంతే. పతకమును తోమకుడు. అంచుపై నున్న అక్షరములను ఉన్నవి యున్నట్లు ఎత్తి వ్రాసికొనుడు. రాజు తలను చూచి కాలమును తెలిసికొనుడు. ఇంటిలోని ముసలివారిని ఈ దినమే అడుగుడు. వారు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాసి, చెప్పినవారి పేరును తేదీని వేయుడు. పులి యనిన పులి యనియే వ్రాయుడు, సరిచూచుట తరువాత. తరువాత గెజెట్టు, తరువాత దస్త్రము. దస్త్రములో తుది యుత్తరువుతో నిలువక అడుగు కాగితము వరకు చదువుడు. అన్నిటికంటె ముందు, ఇంటి ఆడవారు వ్రాసిన కాగితములను పాతకాగితములవానికి వేయకుడు. చాకలిపద్దని, పాలపద్దని మనము నవ్వు పుస్తకములోనే ఒక మగవాని మానమును, ఒక విధవరాలి అన్నమును దాగియుండవచ్చును.

మీరును మీ యింటి చిట్టాను వ్రాయుచున్నారేమో. ఇక మీదట 'పల్లెకు' అని వ్రాసి విడువక, ఎవరికో, ఎందులకో ఒక మాట చేర్చుడు. నూరేండ్లకు పిమ్మట మీ మునిమనుమరాలు దీపపు వెలుతురున ఆ పంక్తిని వెదకుచుండును.

మీ తాతగారి సంగతి తేలినప్పుడు మాకు వ్రాయుడు. పులియైనను సరియే, దొంగలైనను సరియే.